యజమాని సొంత వాడకానికి

ఆ వీధిలో ఆయన్ని ఎదురుగా 'ఓనరుగారూ' అంటారు. అటు తిరగ్గానే 'సర్దుకోండిగారు' అంటారు. కుళాయిలో నీళ్లు రావడం లేదని చెబితే 'సర్దుకోండి' అంటాడు. తలుపు గడియ ఊడి చేతికొచ్చిందంటే 'సర్దుకోండి' అంటాడు. అదే ఫిర్యాదు మూడోసారి చేస్తే అప్పుడూ 'సర్దుకోండి' అనే అంటాడు గానీ, ఆ సర్దుకోవడం వేరు. మొదటి రెండుసార్లూ ఓర్చుకోమని. మూడోసారి పెట్టే బేడా సర్దుకోమని. ఒక్క మాటతో ఇరవై రెండేళ్లు ఇల్లు అద్దెకి నడుపుకొచ్చిన ఘనుడు ఆయన.

ఇల్లు ఆయన కట్టించింది కాదు. మామగారు కట్టించాడు. పోతూ పోతూ కూతురి మీద ప్రేమతో అల్లుడి పేరున రాశాడు. ఆ రాయడం ఎంత తెలివితక్కువ పనో చూసుకోవడానికి పాపం ఆ పెద్దాయన లేడు. రెండంతస్తుల్లో విశాలమైన హాళ్లుండేవి. అల్లుడుగారు వాటిని చెక్కపలకలతో చీల్చి ఎనిమిది వాటాలు చేశాడు. ఒక వాటాలో తుమ్మితే మూడో వాటాలోవాళ్లు ఉలిక్కిపడాలి. కింద వీధివైపున్న గది మాత్రం చీల్చలేదు. రెండు పెద్ద కిటికీలు, పొద్దున్నే ఎండ, పడక్కుర్చీ. అది తనకీ, తన ఇల్లాలికీ. ఆ పడక్కుర్చీలో కూచుని ఏ వాటాకి ఎంతమంది చుట్టాలొచ్చారో, ఎవరెన్ని బకెట్లు మోసుకెళ్తున్నారో లెక్కపెట్టడమే ఆయన ఉద్యోగం.

ఎనిమిది వాటాలతో ఆగాడా అంటే, ఆగితే ఆయన సర్దుకోండిగారు ఎందుకవుతాడు? ఇంటి అడుగున మామగారు పాత బల్లలూ కుర్చీలూ పడేసుకున్న సెల్లారు ఉంది. పదకొండు మెట్లు దిగాలి. కిటికీ అన్నది లేదు. పై వాటాల నీళ్ల గొట్టాలన్నీ దాని గోడ వెంటే దిగుతాయి, ఆ గొట్టాలకి ఏడాది పొడుగునా చెమటే. పాత సామాను తూకానికి అమ్మేసి, గోడలకి సున్నం కొట్టించి, దాన్నీ అద్దెకిచ్చాడు. తొమ్మిదో వాటా అయింది.

దాంట్లో దిగినావిడ బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెప్పే గొంతు ఆమెది. ఊళ్లో సగం మందికి ఆమె మొహం తెలియదు, గొంతు తెలుసు. కంచు గంటలాంటి గొంతు. వచ్చిన మొదటి వానాకాలానికే దగ్గు పట్టుకుంది. మూడో ఏడాదికి మైకు ముందు కూడా ఆగడం లేదు. ఓ రోజు బస్సు నంబరు చెబుతుండగా మధ్యలో దగ్గొచ్చి, నలభైమంది ఒక బస్సు బదులు ఇంకో బస్సెక్కి కూచున్నారు. స్టేషన్ మేనేజరు పిలిచి, "అమ్మా, రెండు నెలల్లో నీ కాంట్రాక్టు అయిపోతుంది. గొంతు బాగైతే పొడిగిస్తా. లేకపోతే మెషీన్ పెట్టిస్తా. మెషీను దగ్గదు" అన్నాడు.

అది చెప్పుకోవడానికే ఆమె పడక్కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"దగ్గు మీ బస్సుల దుమ్ము వల్లమ్మా" అన్నాడు సర్దుకోండిగారు.

"నేను బస్సుల్లో తిరగనండీ. అద్దాల గదిలో కూచుని చెబుతాను."

"మరి అదీ సంగతి! గాలి తగలదు. కాస్త బయట తిరుగుతుండండి."

"ఓ చిన్న కిటికీ పెట్టించండి. నా ఉద్యోగం పోయేలా ఉంది."

"పునాది గోడమ్మా అది! కొడితే ఇల్లంతా కదులుతుంది. తొమ్మిది కుటుంబాల ప్రాణాలు. కాస్త సర్దుకోండి."

ఆమెకది మూడోసారో రెండోసారో లెక్క తెలియక మెట్లు దిగిపోయింది. లోపల్నించి ఇల్లాలు అంతా విన్నది. విని, ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో అనాల్సినవన్నీ మొదటి మూడేళ్లలోనే అనేసి, ఇక దండగని మానేసిన మనిషి ఆమె.

ఆ వేసవిలో ఊళ్లో ఎక్కడో అద్దె ఇల్లు తగలబడి, లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు. దాంతో మునిసిపాలిటీ కళ్లు తెరిచింది. అద్దెకిచ్చే ప్రతి ఇంటినీ తనిఖీ చేస్తారట. మనిషి పడుకునే ప్రతి గదికీ బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి, మనిషి దూరి తప్పించుకునేంతది. పొగ వస్తే మోగే అలారాలుండాలి. మెట్లకి గట్టి కమ్మీ ఉండాలి. ఇవన్నీ ఉంటే రెండేళ్లకి సర్టిఫికెట్టు. లేకపోతే ఇల్లు అద్దెకివ్వడానికి లేదు.

"మన ఇంట్లో మనం ఎలా చావాలో కూడా వీళ్లే చెబుతారా?" అని మంగలి షాపులో మండిపడ్డాడు సర్దుకోండిగారు. మంట వస్తే చచ్చేది తను కాదన్న సంగతి ఆయనకి తట్టలేదు. మంగలికి తట్టింది గానీ, చేతిలో కత్తి ఉన్నప్పుడు వాదనలెందుకని ఊరుకున్నాడు.

తనిఖీ తేదీ కాగితం రాగానే ఏర్పాట్లు మొదలయ్యాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఆ ఇంటి కోసమే పుట్టిందేమో. కమ్మీ తుప్పు పట్టి ఊగుతుంటే, బాగుచేయించకుండా ముందురోజు రంగు వేయించాడు. బావమరిది కొట్లోంచి మంటలార్పే సిలిండరు ఒక్కరోజుకి అరువు తెచ్చి మెట్ల మొదట్లో నిలబెట్టాడు. అలారాలు కొన్నాడు, బ్యాటరీలు కొనలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి పది అలారాలకి పది బ్యాటరీలు వేస్తాడా? సెల్లారు సంగతికొస్తే, అనౌన్సరమ్మ డ్యూటీకి వెళ్లగానే తలుపుకి తన తాళం వేసేశాడు. పాత సామాన్ల గది. అంతే.

వచ్చిన ఇన్స్పెక్టరు పొట్టి మనిషి, ఆడమనిషి. కాళ్లకి ఎత్తు మడమల్లేని చెప్పులు, నడుముకి కొలతల టేపు. సర్దుకోండిగారికి గుండె కుదుటపడింది. 'ఓస్, ఆడమనిషేగా, కాఫీ ఇచ్చి నాలుగు మంచి మాటలు చెబితే సరి' అనుకున్నాడు. ఆమె కాఫీ వద్దంది. మంచినీళ్లూ వద్దంది. నాలుగు మంచి మాటలు మాత్రం విన్నది, వింటూనే కమ్మీ పట్టుకుని ఊపింది. అరచెయ్యంతా నీలం రంగయింది.

"ఎప్పుడేశారు?"

"ఎప్పుడో వేసిందేనమ్మా. మంచి రంగు, ఆరదు."

ఆమె చెయ్యి తుడుచుకుని, అలారం బటన్ నొక్కింది. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కింది. అదీ మూగదే.

"కొత్తవి కదమ్మా, ఇంకా అలవాటు పడలేదు" అన్నాడు.

ఇల్లాలు అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్స్పెక్టరు నవ్వలేదు. రాసుకుంది. కమ్మీకీ అలారాలకీ పదిహేను రోజులు గడువిచ్చి, పదకొండు మెట్లూ దిగి సెల్లారు తలుపు ముందు ఆగింది.

"ఇదేంటి?"

"పాత సామాన్లమ్మా. విరిగిన బల్లలూ అవీ."

ఆమె కిందికి చూసింది. గడప పక్కన ఒక జత చెప్పులు, పద్ధతిగా, గోడకి ఆనించి ఉన్నాయి. తాళం వెయ్యడం గుర్తున్న మహానుభావుడికి అవి కనబడలేదు.

"విరిగిన బల్లలు చెప్పులేసుకుంటాయా?"

తాళం తియ్యమంటే తీశాడు. మంచం, చిన్న స్టవ్వు, అద్దం, ఉతికి ఆరేసిన యూనిఫారం. గది నిండా చెమ్మ వాసన. కిటికీ లేని గదిలో మనిషి కాపురం ఉంటోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. సర్టిఫికెట్టు పోతే తొమ్మిది వాటాలూ పోతాయి, పడక్కుర్చీ ఒక్కటే మిగులుతుంది. ఆ కంగారులో ఆయనకి రూళ్ల పుస్తకంలో ఒక్క ముక్క గుర్తొచ్చింది. మిగతా పుస్తకం చదవలేదు గానీ, తప్పించుకునే దారి ఎక్కడుందో అది మాత్రం వేలు పెట్టి చదివాడు. యజమాని సొంత వాడకంలో ఉన్న గదులకి ఈ నిబంధనలు వర్తించవు.

"ఇది నా గదేనమ్మా" అన్నాడు. "యజమాని సొంత వాడకానికి."

ఇన్స్పెక్టరు అద్దం ముందున్న దువ్వెన తీసి చూసింది. పళ్లకి బారెడు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. తర్వాత ఆయన బట్టతలని చూసింది. తొందరేమీ లేకుండా చూసింది.

"మా ఆవిడవి" అన్నాడాయన.

ఇల్లాలు మెట్ల మీద నిలబడి ఉంది. ఆమె జుట్టు నెరిసి ఎన్నేళ్లయిందో దువ్వెన చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది.

"సరే" అంది ఇన్స్పెక్టరు. "మీరిచ్చిన జాబితాలో అద్దెదార్లు తొమ్మిదిమంది. ఎనిమిది వాటాలు చూశాను. తొమ్మిదో ఆవిడ, బస్టాండులో పనిచేసే ఆవిడ, ఎక్కడుంటున్నారు?"

అదిగో, ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. సెల్లారు దాచాడు గానీ, జాబితాలో ఆమె పేరు తియ్యడం మరిచిపోయాడు. అబద్ధం ఒకటి ఆడినవాడికి రెండోది తడుముకోకుండా వస్తుందంటారు. వచ్చింది.

"ముందు గదిలోనమ్మా. వీధివైపు."

"రెండు కిటికీల గదిలో?"

"ఆ, దాంట్లోనే."

ఆమె ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది. సెల్లారు, యజమాని సొంత వాడకానికి. ముందు గది, అద్దెదారు ఫలానా, కిటికీలు రెండు, అద్దె పాతదే, గడువు రెండేళ్లు. ఎదురుగా ఆయన చేత సంతకం పెట్టించింది. ఆయన పెట్టాడు, పెద్ద గండం గడిచిన ఆనందంలో సంతకం కింద రెండు గీతలు కూడా గీశాడు.

"మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పి రాను" అంది ఇన్స్పెక్టరు కాగితాలు సర్దుకుంటూ. "వచ్చినప్పుడు ఈ గదిలో మీ పరుపూ బట్టలూ లేకపోతే, తప్పుడు వాంగ్మూలం కింద ఇల్లు మొత్తానికి అద్దె అనుమతి రద్దవుతుంది. అద్దెదార్లందరికీ ఒక్కో నకలు ఇవ్వాలి, అది రూలు."

అనౌన్సరమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ నకలు ఆమె చేతికొచ్చింది. మిగతా ఎనిమిది వాటాలవాళ్లూ దాన్ని మడిచి ఎక్కడో దోపేశారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవడమే ఆమె బతుకుతెరువు కాబట్టి, ఆమె చివరి అక్షరం దాకా చదివి సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే సామాన్లు మారాయి. అనౌన్సరమ్మ మంచం పైకెక్కింది. సర్దుకోండిగారి పరుపు కిందికి దిగింది.

"నీ పక్క కూడా దింపించనా?" అని ఇల్లాల్ని అడిగాడు.

"సంతకం మీరు పెట్టారు. నేను పెట్టలేదు" అందామె.

పదిహేను రోజుల ముచ్చటేగా అని ఆయన తనకి తనే చెప్పుకున్నాడు. ఇన్స్పెక్టరు ఒక్కసారి వచ్చి చూసి పోతే, ఎవరి చోటికి వాళ్లు వెళ్లొచ్చు. ఆమె రాలేదు. నెల గడిచింది. ఆయన ఏమారి ఓ పూట కూడా పైన కునుకు తీయడానికి లేదు. భోజనానికి పైకెక్కడం, తిని దిగడం. ముందు గది కిటికీలు రెండూ బార్లా తెరిచి ఉండేవి. ఆయన ఉన్నప్పుడు దుమ్మొస్తుందని ఒకటి ఎప్పుడూ మూసే ఉండేది.

రెండు వారాలకి అనౌన్సరమ్మ దగ్గు సగం తగ్గింది. మూడు వారాలకి పూర్తిగా పోయింది. సరిగ్గా అప్పుడే ఆయనకి మొదలైంది. ముందు ఒట్టి గరగర. తర్వాత పక్కటెముకలు పట్టేసే దగ్గు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, మొహం చిట్లించాడు.

"ఎక్కడ పడుకుంటున్నారు మీరు?"

"ఓ గదిలోనండీ. సెల్లారు."

"కిటికీ ఉందా?"

"లేదండీ."

"గోడలకి చెమ్మ?"

"కొద్దిగా..."

"అలాంటి గదిలో గొడ్లని కూడా కట్టెయ్యరండీ! దాన్నీ అద్దెకిచ్చాడా? ఎవడండీ ఆ ఓనరు?"

సర్దుకోండిగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మీరెరగరు లెండి" అన్నాడు.

మర్నాడే తాపీమేస్త్రి వచ్చాడు. మూడేళ్లపాటు ఒక మనిషి గొంతు చిరిగిపోయినా రాని మేస్త్రి, ఓనరుగారి గొంతు గరగరలాడగానే రెక్కలు కట్టుకుని వాలాడు. పునాది గోడ కొడితే కదలాల్సిన ఇల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తొమ్మిది కుటుంబాల ప్రాణాలూ పదిలంగానే ఉన్నాయి. ఇంత పచ్చి అబద్ధం బయటపడితే ఇంకొకడైతే తల దించుకునేవాడు. ఆయన మేస్త్రి దగ్గర నిలబడి ఇటుకలు లెక్కపెట్టించాడు.

"కిటికీ ఎంత పెట్టమంటారు బాబూ? ఇటువైపు నేలకి పైన మూడడుగుల గోడుంది. వెడల్పుగా పెట్టేస్తే గదికి గాలీ వెలుతురూ దండిగా వస్తాయి" అన్నాడు మేస్త్రి.

"రూలు ఎంతంటే అంత. అంగుళం ఎక్కువొద్దు. నేనేమన్నా ఇక్కడే ఉండిపోతానా?"

"అదవతల చెత్తడబ్బాల వైపు పడుతుంది మరి. అవి జరిపించండి."

"ఎక్కడికి జరుపుతాం? ఉండనీ. ఉండేవాళ్లకి అలవాటైపోతుంది."

ఉండేవాళ్లంటే ఆయన మనసులో ఎవరో మనకి తెలుసు. ఆయనకీ తెలుసు.

సున్నం ఆరకముందే ఇన్స్పెక్టరు వచ్చింది. ఈసారి కమ్మీ ఊగలేదు. అలారాలు చెవులు చిల్లులు పడేలా మోగాయి, ఎందుకంటే బ్యాటరీలు వేయక తప్పలేదు. సెల్లారులో ఆయన పరుపు, ఆయన లుంగీ, ఆయన దగ్గు మందు. ఆమె కిటికీ కొలిచింది, తెరిచి మూసింది.

"మంచి పని చేశారు. ఇప్పుడెందుకు పెట్టించారు?"

మెచ్చుకోలు వినబడగానే ఆయనకి ఒళ్లు తెలియలేదు.

"ఆ అనౌన్సరమ్మ లేదూ, ఆమె దగ్గు చూడలేకపోయానమ్మా. ఎంతైనా మనల్ని నమ్ముకున్న మనిషి."

"ఆవిడ ముందు గదిలో కదా ఉంటోంది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన అటూ ఇటూ చూసి దగ్గాడు. ఇది నిజమైన దగ్గే. ఇన్స్పెక్టరు ఇంకేం అడగలేదు. సర్టిఫికెట్టు మీద ముద్ర కొట్టి చేతిలో పెట్టింది.

"ఈ గదిని అద్దెకి మార్చుకోవచ్చా ఇప్పుడు?" అని అడిగాడు.

"మార్చుకోవచ్చు. కాకపోతే ఉన్న అద్దెదారుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చాలంటే ఆవిడ రాసివ్వాలి. రెండేళ్లూ అంతే" అని వెళ్లిపోయింది.

రాసివ్వడమెంత? ఈ ఇంట్లో తను అడిగితే కాదన్నవాళ్లెవరు? సర్దుకోండిగారు సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకుని, తన గదికి తను తిరిగి వెళ్లే మనిషిలా దర్జాగా పదకొండు మెట్లూ ఎక్కాడు. ముందు గదిలో పొద్దుటి ఎండ పరుచుకుని ఉంది. అనౌన్సరమ్మ యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. ఇల్లాలు పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని కూచుంది. ముప్పై ఏళ్లలో ఆమెని ఆ కుర్చీలో చూడ్డం ఆయనకి అదే మొదలు.

"చూశారామ్మా, మీ కోసం కిటికీ పెట్టించా" అన్నాడు అనౌన్సరమ్మతో. "రేపు దిగిపోండి. ఓ కాగితం ముక్క రాసివ్వాలట, రాసిచ్చెయ్యండి."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"నిన్ననే నా కాంట్రాక్టు పొడిగించారండీ. ఇంకో మూడేళ్లు."

"సంతోషం. ఎప్పుడు దిగుతారు?"

"దిగనండీ. రాసివ్వను."

ఆయనకి ఆ మాట అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ వినని మాట కదా. ఆమె సంచిలోంచి నకలు తీసి, మైకు ముందు చదివే గొంతుతో, తప్పుపోకుండా చదివింది. "ముందు గది. కిటికీలు రెండు. అద్దె పాతదే. గడువు రెండేళ్లు. ఇది నిజమని యజమాని సంతకం." ఆ గొంతు ఇప్పుడు శుభ్రంగా ఉంది. పై వాటాలవాళ్లకి కూడా వినబడి ఉంటుంది. చెక్కపలకల గోడలాయె.

"నువ్వైనా చెప్పవేం?" అని ఇల్లాలి మీదికి తిరిగాడు. "ఇది మన గది!"

"మా నాన్న గది" అందామె, కాళ్లు ముడుచుకోకుండానే. "నేను ఇందులోనే ఉన్నానుగా. ఇద్దరం బాగానే ఉన్నాం. మీకు కింద కిటికీ వచ్చిందిగా."

ఏం చెయ్యగలడు? గట్టిగా అరిస్తే, అబద్ధం ఆడానని తనే చెప్పుకున్నట్టు. చెప్పుకుంటే సర్టిఫికెట్టు గోవిందా. మింగలేకా కక్కలేకా ఆ గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. కూచోమని ఎవరూ అనలేదు. దిగిపోయాడు.

పరుపు మీద కూచుంటే అంగుళం ఎక్కువ కాని కిటికీలోంచి చెత్తడబ్బాల అడుగుభాగం కనిపించింది. తనకి అన్యాయం జరిగిందని ఆయన నిజంగానే నమ్మాడు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అలాంటివాళ్లకి తమ కోసం కన్నీళ్లు కుళాయిలో నీళ్లకంటే బాగా వస్తాయి.

అంతలో పైనించి నవ్వు వినబడింది. అనౌన్సరమ్మది కాదు, ఆమె గొంతు ఆయనకి తెలుసు. పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా, చిన్నపిల్లలా నవ్వుతోంది ఎవరో. కాసేపటికి గానీ అది తన ఇల్లాలని ఆయన పోల్చుకోలేకపోయాడు. తనని చూసే నవ్వుతోందనుకున్నాడు. ఒళ్లు మండింది, మెట్ల దగ్గరికి వచ్చి తల పైకెత్తి అరిచాడు.

"ఏంటా ఇకఇకలు? నా గురించేనా?"

నవ్వు ఆగింది. ఇల్లాలు తలుపులోంచి తొంగి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, వెక్కిరింతా లేదు. ఏదో మంచి కబురు మధ్యలో ఎవరో పిలిస్తే వచ్చినట్టుంది.

"మీ గురించేం కాదులెండి" అని తలుపు దగ్గరగా వేసి, "ఊఁ, తర్వాత ఆ డ్రైవరు ఏమన్నాడూ?" అంటూ లోపలికి వెళ్లిపోయింది.